జే, జాల్, జ్వాద్, జోయ్: కర్నూలులో ఒక ఉర్దూ లిపి ప్రాజెక్టు డైరీ

జూన్: లక్ష్యం, కొలత

ఈ ప్రాజెక్టుకు రెండు లక్ష్యాలు ఉన్నాయి. మొదటిది, సంక్రాంతి నాటికి కర్నూలు పాతబస్తీలోని దుకాణాల బోర్డులను నడుస్తూ నడుస్తూనే చదవగలగడం, ఉర్దూ పత్రికల శీర్షికలను అర్థమయ్యేలా చదవగలగడం, వెదురు కలంతో నస్తాలీఖ్ అనే ఉర్దూ రాత శైలిలో ఒక పంక్తిని గురువు ఒప్పుకునేంత తీరుగా రాయగలగడం. రెండోది, కొత్త విద్యను త్వరగా పట్టుకోవడానికీ, పట్టుకున్నది జారిపోకుండా నిలుపుకోవడానికీ మనస్తత్వ శాస్త్రజ్ఞులు చెబుతున్న పద్ధతుల్లో ఏవి నలభై దాటిన ఒక ఉద్యోగి సాయంత్రాలకు పనికివస్తాయో పరీక్షించి చూడడం.

ఉర్దూనే ఎంచుకోవడానికి కారణం ఉంది. కొండారెడ్డి బురుజు చుట్టుపక్కల పెరిగినవారికి దక్కనీ ఉర్దూ చెవికి కొత్త కాదు. బజారులో బేరమాడేంత మాట నాకూ వచ్చు. రానిది లిపి ఒక్కటే. భాష, లిపి రెండూ కొత్తవైతే ఏ పద్ధతి దేనికి పనిచేసిందో విడదీయడం కష్టమవుతుంది. ఇక్కడ ఆ చిక్కు లేదు.

లిపిలో కష్టం ఎక్కడుందో ముందుగా విడదీసి చూసుకున్నాను. ఉర్దూలో అక్షరాలను 38 గానో 39 గానో లెక్కిస్తారు. సంఖ్య మన వర్ణమాల కంటే తక్కువే. అయితే అక్షరం ఒంటరిగా ఉన్నప్పుడు ఒక రూపంలోనూ, మాట మొదట, నడుమ, చివర వేర్వేరు రూపాల్లోనూ కనిపిస్తుంది. అలిఫ్, దాల్, రే, వావ్ వంటి తొమ్మిది అక్షరాలు తమ తరువాత వచ్చే అక్షరంతో కలవవు కాబట్టి మాట మధ్యలోనే తెగినట్టు కనబడుతుంది. బే, పే, తే, టే, సే, నూన్, యే అనే ఏడు అక్షరాలు మాట నడుమ ఒకే చిన్న పన్నులా మిగిలిపోతాయి. పైనా కిందా ఉన్న చుక్కలను బట్టే అది ఏ అక్షరమో తేల్చుకోవాలి. హ్రస్వాచ్చుల గుర్తులు మామూలు రాతలో ఉండవు. ‘ఇస్’, ‘ఉస్’ అనే రెండు మాటలు కాగితం మీద అచ్చంగా ఒక్కటే. కాబట్టి ఇది ఒక విద్య కాదు, మూడు: రూపాన్ని గుర్తుపట్టడం, సందర్భాన్ని బట్టి మాటను ఊహించడం, చేత్తో రాయడం. ఈ మూడింటికీ ఒకే మందు పనిచేయదని మొదటే రాసిపెట్టుకున్నాను.

నేర్పడానికి మా వీధిలోనే ఉండే ఒక విశ్రాంత ఉర్దూ ఉపాధ్యాయుడు ఒప్పుకున్నారు. సార్‌తో ఒక ఏర్పాటు చేసుకున్నాను. పరీక్ష పదాల జాబితాలు ఆయన దగ్గరే ఉంటాయి. ఒక పాఠం ముగిశాక కనీసం వారం పాటు దానిని ముట్టుకోకుండా ఉండి, ఆ తరువాత పెట్టిన పరీక్షలో వచ్చిన ఫలితమే ఈ డైరీలోకి ఎక్కుతుంది. నేర్చుకున్న రోజు సాయంత్రం ఎంత బాగా చదివినా అది లెక్కలోకి రాదు. నా దృష్టిలో ఈ ప్రాజెక్టుకు ఆయువుపట్టు ఈ నియమమే, ఎందుకంటే అభ్యాసం సాగుతున్నప్పుడు కనిపించే నైపుణ్యమూ, కొంతకాలం తరువాత మిగిలే నైపుణ్యమూ ఒకటి కావు. ఈ రెండింటినీ వేరుచేసి చూడమని అమెరికా మనస్తత్వ శాస్త్రజ్ఞుడు రాబర్ట్ బ్యోర్క్ చాలాకాలంగా చెబుతూ వచ్చారు. అభ్యాసాన్ని కాస్త కష్టతరం చేసి, జ్ఞాపకాన్ని గట్టిపరిచే ఇబ్బందులకు 1994లో ‘కోరదగిన కష్టాలు’ అని పేరు పెట్టినది కూడా ఆయనే.

జూన్ చివర: పెట్టె తయారీ

చెప్పుల అట్టపెట్టెలో అట్టముక్కలు నిలబెట్టి అయిదు అరలు చేశాను. ఇంట్లో పేరుకుపోయిన పెళ్లి పత్రికలను కత్తిరిస్తే కావలసినన్ని కార్డులు వచ్చాయి. వెనుక వైపు ఖాళీగా ఉండే మందపాటి కాగితం ఇంతకంటే చవకగా దొరకదు. ఒక వైపు ఉర్దూ మాట, మరో వైపు దాని ఉచ్చారణ తెలుగులో రాశాను. ఈ అరల పద్ధతిని జర్మన్ రచయిత సెబాస్టియన్ లైట్నర్ 1972లో ప్రచారంలోకి తెచ్చారు. సరిగ్గా చదివిన కార్డు తరువాతి అరలోకి వెళుతుంది, తప్పిన కార్డు ఏ అరలో ఉన్నా మొదటి అరకు తిరిగి వస్తుంది. మొదటి అరను రోజూ, రెండోదానిని రోజు విడిచి రోజు, మూడోదానిని వారానికొకసారి, నాలుగోదానిని పక్షానికొకసారి, అయిదోదానిని నెలకొకసారి తీయాలని నిర్ణయించుకున్నాను. అంకి వంటి ఫోన్ యాప్‌లు ఈ లెక్కను వాటంతటవే చేసిపెడతాయి. కానీ చేత్తో కార్డు రాయడమే ఇక్కడ సగం అభ్యాసం కాబట్టి అట్టపెట్టెకే ఓటు వేశాను.

విరామమిచ్చి వల్లించడం వెనుక ఉన్న ఆధారం పాతది. హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ అనే జర్మన్ పండితుడు అర్థంలేని అక్షర సముదాయాలను తానే కంఠస్థం చేసి, తానే మరచి, తిరిగి నేర్చుకోవడానికి ఎంత శ్రమ పడుతుందో కొలిచి 1885లో ఫలితాలను ప్రకటించాడు. మరపు మొదటి గంటల్లో వేగంగా, తరువాత నెమ్మదిగా సాగుతుందన్నది అందరికీ తెలిసిన భాగం. నాకు ఎక్కువగా పనికివచ్చినది మరొకటి: ఒకే రోజున 68 సార్లు వల్లిస్తే ఎంత ఫలితం వచ్చిందో, మూడు రోజులకు పంచి 38 సార్లు వల్లించినా దాదాపు అంతే వచ్చిందని ఆయన గమనించాడు. శ్రమ ఇంచుమించు సగానికి తగ్గింది. అయితే రోజులు పెరిగాయి. త్వరగా నేర్చుకోవడం అన్నప్పుడు గంటలు తగ్గాలా, రోజులు తగ్గాలా అన్నది ముందే తేల్చుకోవాలి.

ఇదే సంగతి 1978లో బ్రిటన్ తపాలా ఉద్యోగులకు టైపింగ్ నేర్పినప్పుడు ఇంకా స్పష్టంగా బయటపడింది. అలన్ బాడ్లీ, లాంగ్‌మన్ చేసిన ఆ పరిశీలనలో రోజుకు ఒకే గంట సాధన చేసినవారు రోజుకు నాలుగు గంటలు కూర్చున్నవారి కంటే తక్కువ గంటల్లోనే విద్యను పట్టుకున్నారు. కానీ క్యాలెండరులో ఎక్కువ రోజులు పట్టడం వల్ల తమ శిక్షణ మీద అందరికంటే తక్కువ సంతృప్తి కనబరిచింది కూడా వారే. నాకు సంక్రాంతి దాకా గడువు ఉంది, రోజుకు ఉన్నది అరగంటే. కాబట్టి ఈ బేరం నాకు అనుకూలమే.

జూలై: చదవడం కాదు, ఒప్పజెప్పడం

ఈ నెలలో రెండు రకాల కార్డులను పక్కపక్కన నడిపాను. సగం మాటలను ఉచ్చారణ కూడా ఎదురుగా పెట్టుకుని పదేపదే చదివాను. మిగిలిన సగాన్ని ఒక్కసారి చూసి, ఆ తరువాత ప్రతిసారీ ఉచ్చారణను మూసిపెట్టి, గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించి, అప్పుడే తిప్పి సరిచూసుకున్నాను. అదే రోజు చూస్తే మొదటి సగమే నాలుక మీద ఆడింది. వారం తరువాత సార్ పెట్టిన పరీక్షలో మాత్రం రెండో సగం స్పష్టంగా ముందుంది. రోడిగర్, కార్పికీ 2006లో కళాశాల విద్యార్థులతో చేసిన ప్రయోగంలోనూ సరిగ్గా ఇదే జరిగింది. పాఠాన్ని మళ్ళీ చదివినవారు అయిదు నిమిషాల తరువాత 81 శాతం గుర్తుంచుకోగా, చదవడం మాని గుర్తు తెచ్చుకుని రాసినవారు 75 శాతం గుర్తుంచుకున్నారు. వారం గడిచేసరికి మొదటివారు 42 శాతానికి పడిపోగా, రెండోవారు 56 శాతం దగ్గర నిలిచారు.

ఈ అంకెలు సార్‌కు చెబితే ఆయనకు ఆశ్చర్యమేమీ కలగలేదు. ‘‘చూసి చదివేది చదువేనా అప్పా? చూడకుండా చెప్పు, అప్పుడు వచ్చినట్టు’’ అన్నారు. ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. మన పాత బడులను బట్టీ చదువులని తీసిపారేయడం ఇప్పుడు అలవాటైపోయింది. కానీ ఆ బడుల్లో రెండు వేర్వేరు పనులు జరిగేవి: పుస్తకం తెరిచి గొంతెత్తి వల్లించడం ఒకటి, పుస్తకం మూసి పంతులు ముందు నిలబడి ఒప్పజెప్పడం మరొకటి. పరిశోధకులు మెచ్చుకుంటున్నది రెండోదానిని. దాని లోపం కూడా మనకు తెలిసిందే. ఎక్కాలను వరుసలోనే ఒప్పజెప్పినవాడిని ఏడెనిమిదులు ఎంత అని అడిగితే ఏడొకట్ల దగ్గర నుంచి లోలోపల నడిచి రావాలి. అందుకే అలిఫ్, బే, పే అని వరుసగా చెప్పడం జూలై మొదటి వారంలోనే ఆపేసి, పేకముక్కలు కలిపినట్టు కార్డులను కలిపేయడం మొదలుపెట్టాను.

నెల చివరికి ఒక మార్పు చేశాను. ఒంటరి అక్షరాల కార్డులు అయిదో అర దాకా చేరుకున్నాయి కానీ వాటివల్ల మాటలు చదవడం ఏమాత్రం సులభం కాలేదు. లిపిలో అక్షరాలు ఒంటరిగా కనిపించే సందర్భాలే తక్కువ. ఆ కార్డులన్నీ తీసేసి, రెండు మూడక్షరాల మాటలతో నింపాను. ఏ రూపంలో వాడుకోవాలో ఆ రూపంలోనే అభ్యసించాలన్నది పుస్తకాల్లో చదివినప్పుడు మామూలు మాటలా అనిపించింది, పెట్టె ముందు కూర్చున్నప్పుడు మాత్రం నెల రోజుల కార్డులను పారవేయించింది.

ఆగస్టు, సెప్టెంబరు: కలగలుపు

బే కుటుంబమంతా ఒక రోజు, జీమ్ కుటుంబమంతా మరో రోజు అన్నట్టు పాఠాలు నడిపితే మనసుకు హాయిగా ఉంటుంది. ఆ రోజు వచ్చేవన్నీ జీమ్, చే, బడీ హే, ఖే మాత్రమేనని ముందే తెలుసు కాబట్టి చుక్క ఎక్కడుందో చూస్తే సరిపోతుంది. బోర్డు మీద అలా ఉండదు. అక్కడ ఇది ఏ కుటుంబమో తేల్చుకోవడమే మొదటి పని. విడివిడి పాఠాలు ఆ పనిని మన చేత చేయించవు.

రోరర్, టేలర్ 2007లో ప్రచురించిన గణిత ప్రయోగం ఈ విషయంలో నన్ను పూర్తిగా ఒప్పించింది. నాలుగు రకాల ఘనాకృతుల ఘనపరిమాణాలను కనుక్కోవడం నేర్పి, ఒక జట్టుకు ఒక రకం లెక్కలన్నీ అయ్యాక మరో రకం ఇచ్చారు, రెండో జట్టుకు అన్నీ కలిపి ఇచ్చారు. సాధన సమయంలో మొదటి జట్టు 89 శాతం, రెండోది 60 శాతం సరిగ్గా చేశాయి. వారం తరువాత పరీక్షలో మొదటి జట్టు 20 శాతానికి దిగజారగా, రెండో జట్టు 63 శాతం దగ్గర ఉంది. ఏ సూత్రం వాడాలో ఎంచుకోవడం మొదటి జట్టు ఎన్నడూ సాధన చేయలేదు మరి.

నా కలగలుపు కార్డుల అనుభవం ఆ దారిలోనే నడిచింది. సెప్టెంబరు మొదట్లో చదివే వేగం సగానికి సగం తగ్గింది. సార్ ముందు తడబడుతుంటే వెనక్కి పోతున్నట్టే అనిపించేది. వారాంతపు పరీక్షలు మాత్రం నెల పొడవునా మెరుగవుతూ వచ్చాయి. ఈ పద్ధతిని జనం వదిలేయడానికి కారణం బద్ధకం కాదని నా అభిప్రాయం. ప్రతి సాయంత్రం ఓడిపోయినట్టు అనిపించే పనిని, వారం తరువాత వచ్చే అంకెను నమ్మి కొనసాగించడం ఎవరికైనా కష్టమే. రాతపూర్వకమైన లెక్క లేకుంటే నేనూ సెప్టెంబరులోనే ఆపేసి ఉండేవాడిని.

దీనికి ఒక మినహాయింపు ఉంది. అసలు ఆకారమే తెలియని అక్షరాన్ని మొదటి రోజే గుంపులో పడేస్తే ఏమీ నిలవదు. ఐన్, గైన్‌లు మాట నడుమ తీసుకునే రూపాన్ని మొదట విడిగా, వరుసగా, కన్నుకు అలవాటయ్యేదాకా చూసి, ఆ తరువాతే కలిపాను.

కొందరు మిత్రులు నేను కంటితో నేర్చుకునే రకమా, చెవితో నేర్చుకునే రకమా అని అడిగారు. ఆ విభజనను బట్టి బోధనను మలచాలన్న వాదానికి తగిన ఆధారం లేదని హారల్డ్ పాష్లర్, మరికొందరు 2008లో చేసిన సమీక్ష తేల్చింది. లిపిని కంటితో చూడాలి, మాటను చెవితో పోల్చుకోవాలి, అక్షరాన్ని చేత్తో రాయాలి. విద్య ఏది అడిగితే అది ఇవ్వడమే.

అక్టోబరు: చేతి పని

నస్తాలీఖ్ రాతకు కొలత కలంలోనే ఉంది. ఏటవాలుగా కోసిన కలం మొనను కాగితం మీద ఆనించి లాగితే పడే చతురస్రపు చుక్కను ఖత్ అంటారు. అక్షరాల పొడవు, వెడల్పు అన్నీ ఈ చుక్కల్లోనే లెక్క. అలిఫ్ ఎత్తు మూడు చుక్కలు. సిరాబుడ్డిలో పట్టుదారపు ఉండ వేస్తారు, దానివల్ల కలానికి అవసరమైనంత సిరానే అంటుకుంటుంది. రాసిన అక్షరం పక్కన అదే కలంతో చుక్కలు పెట్టి చూస్తే ఎంత పెరిగిందో, ఎంత తగ్గిందో అక్కడికక్కడే తెలిసిపోతుంది. ఇంత తక్షణమైన, ఇంత నిష్పక్షపాతమైన దిద్దుబాటు నేర్చుకునేవాడికి మరే విద్యలోనూ ఇంత సులభంగా దొరకదేమో.

సార్ ఎర్ర సిరాతో దిద్ది ఇస్తారు, దానిని ఇస్లాహ్ అంటారు. ఈ దిద్దుబాటు విషయంలో ఒక పద్ధతి పెట్టుకున్నాము. కాగితం ఇచ్చే ముందు అందులో నాకు తప్పుగా తోచిన అక్షరాలకు నేనే పెన్సిలుతో గుర్తు పెడతాను, ఆయన ఎర్ర సిరా ఆ తరువాత పడుతుంది. నా గుర్తులూ ఆయన గుర్తులూ ఎక్కడ కలవలేదో అదే మరుసటి రోజు పాఠం. గురువు లేనప్పుడు కూడా తప్పును పట్టుకోగల కన్ను దీనివల్ల తయారవుతోంది.

కలాన్ని మార్చి మార్చి రాయడం ఈ నెలలో చేసిన మరో ప్రయోగం. కెర్, బూత్ 1978లో ఎనిమిదేళ్ల పిల్లల చేత గింజల సంచులను గురికి విసిరించారు. మూడడుగుల దూరం నుంచే సాధన చేసిన పిల్లల కంటే, రెండడుగులు, నాలుగడుగుల దూరాల నుంచి సాధన చేసినవారు మూడడుగుల పరీక్షలో మెరుగ్గా గురి కొట్టారు. పరీక్షించే దూరాన్ని వారు ముట్టుకోనే లేదు. నేను సన్న కలం, వెడల్పు కలం మార్చుకుంటూ రాసి, నెల చివర మధ్యరకం కలంతో పంక్తి రాశాను. అక్షరాల నిష్పత్తి చెడలేదు. ఒకే కలంతో రాసి ఉంటే ఎలా ఉండేదో పోల్చడానికి నాకు రెండో చెయ్యి లేదు కాబట్టి దీనిని నిరూపణ అని మాత్రం అనను.

రాత సాధనను రాత్రి మిద్దె మీద, పడుకోబోయే ముందు చేస్తున్నాను. చేతి నైపుణ్యాలు నిద్రలో కుదురుకుంటాయన్నది బాగా ఆధారాలున్న విషయం. వేళ్లతో ఒక వరుసను తట్టే పనిలో రాత్రి నిద్ర తరువాత, మధ్యలో సాధనేమీ లేకుండానే, వేగం పెరిగినట్టు 2002లో మాథ్యూ వాకర్ బృందం చూపింది. అది నిద్రమానుకుని సాధన చేసేవారు వినవలసిన సంగతి.

నవంబరు, డిసెంబరు: విరామం, నాలుగు ‘జ’లు

ఆఫీసు ఆడిట్, ఇంట్లో శుభకార్యం కలిసి రావడంతో పెట్టె కొన్ని వారాల పాటు అటక ఎక్కింది. ప్రాజెక్టుకు ఇది నష్టం కాలేదు. మరపును కొలిచే అవకాశం ఉచితంగా దొరికింది. తిరిగి తెరిచినప్పుడు చుక్కల తేడాలు దాదాపు చెక్కుచెదరలేదు. మరచిపోయినవాటిని తిరిగి పట్టుకోవడానికి మొదటిసారి పట్టిన కాలంలో చిన్న భాగమే పట్టింది. ఎబ్బింగ్‌హౌస్ కొలిచినది కూడా ఈ ఆదానే. గుర్తు లేదనిపించినది కూడా పూర్తిగా పోలేదన్నమాట.

నిజంగా కొట్టుకుపోయినవి ‘జ’లు. ఉర్దూలో జీమ్ పలికే ‘జ’ కాకుండా, ఇంగ్లిషు z లాంటి ఒకే జ-కార ధ్వనికి జే, జాల్, జ్వాద్, జోయ్ అని నాలుగు అక్షరాలున్నాయి. చదివేటప్పుడు ఇబ్బంది లేదు, రాసేటప్పుడు ఏది వేయాలో చెవి చెప్పదు. కార్డులను ఎన్నిసార్లు తిప్పినా ఇవి మొదటి అరకే తిరిగి వస్తున్నాయి. వల్లింపు పనిచేయని చోట అర్థాన్ని ఆశ్రయించాలి. కొత్త విషయాన్ని ఇప్పటికే గట్టిగా నాటుకున్న విషయాలకు ముడివేస్తే అది నిలుస్తుంది. మనకు అటువంటి పాత సరుకు తాలూకాఫీసు, కోర్టు మాటల రూపంలో కుప్పలుగా ఉంది.

జ్వాద్‌తో రాసే మాటలను ఏరితే జిల్లా, ఖాజీ, జామీను, హాజరు, అర్జీ, మర్జీ వచ్చాయి. వాటితో ఒక వాక్యం కట్టాను: ‘జిల్లా ఖాజీ మర్జీ తెలుసుకుని, జామీనుదారు హాజరై అర్జీ ఇచ్చాడు.’ ఇందులోని ప్రతి ‘జ’ జ్వాదే. జోయ్‌కు నాజరు, జులుం, మంజూరు దొరికాయి: ‘నాజరు జులుం మంజూరు కాదు.’ జాల్‌కు కాగజు, నజరానా చాలు. కాగజు చాటున నజరానా చేతులు మారడం ఎవరూ మరచిపోలేని బొమ్మ. మిగిలిన జమీను, రోజు, బజారు, ఖజానా వంటివన్నీ జే ఖాతాలోకి పోతాయి. అంటే గుర్తుంచుకోవలసినవి మూడు చిన్న వాక్యాలే, నాలుగోది మిగులు. సార్ ఈ వాక్యాలు విని నవ్వి, తన వంతుగా జ్వాద్ వాక్యంలోకి ‘కర్జు’ను చేర్చారు, ఇప్పుడు ఆ జామీనుదారు కర్జు తీర్చలేకే అర్జీ పెట్టుకున్నాడు.

వారం తరువాత పరీక్షలో నాలుగు ‘జ’ల మాటల్లో తప్పింది ఒకటీ అరా మాత్రమే. అయితే ఈ ఉపాయానికి హద్దు ఉంది. ఇది నిదానంగా రాసేటప్పుడు పనికివస్తుంది. వేగంగా రాయాలంటే వాక్యాన్ని మనసులో తిప్పుకునే తీరిక ఉండదు. అందుకే అవే మాటలను మళ్ళీ పెట్టెలోకి, ఈసారి తెలుగు వైపు నుంచి ఉర్దూ రాసేలా తిరగేసి వేశాను. వాక్యం నిచ్చెనలాంటిది, పైకి చేరాక దాని అవసరం తగ్గాలి.

జనవరి: ఇప్పటి స్థితి

బోర్డుల పని అనుకున్నంత సాఫీగా లేదు. కార్డు మీద తేలికగా చదివిన మాట పూలబజారులో అలంకారపు రాతలో, నీడలు దిద్దిన రంగుల్లో ఎదురైతే ఆగవలసి వచ్చింది. కార్డులన్నీ నా చేతి రాతలోనే ఉన్నాయి కాబట్టి కన్ను నా రాతకే అలవాటు పడింది. ఫోనుతో బోర్డుల ఫొటోలు తీసి, వాటి ప్రింట్లను కార్డులుగా కత్తిరించి పెట్టెలో కలిపాక తేడా త్వరగానే కనబడింది. ఇప్పుడు బోర్డుల్లో అధిక భాగాన్ని నడుస్తూ చదువుతున్నాను. దుకాణం ఏదో ముందే తెలిస్తే ఇంకా వేగంగా. పత్రికా శీర్షికల్లో మాటలు పలుకుతున్నాయి కానీ కొన్నింటికి అర్థం తెలియడం లేదు, ఎందుకంటే బజారు దక్కనీలో లేని అరబ్బీ, ఫారసీ మాటలు అక్కడ ఎక్కువ. అది లిపి సమస్య కాదు, దానికి వేరే పెట్టె కావాలి.

రాత విషయంలో సార్ ఒక పంక్తిని ఎర్ర సిరా పడకుండా తిరిగి ఇచ్చారు, దాని కింది పంక్తిలోని సీన్‌ను మాత్రం రెండు చోట్ల దిద్దారు.

ఉగాది దాకా చేయదలచినది ఇది. నాలుగు, అయిదు అరల వ్యవధులను ఇంకా పెంచుతాను. నికోలస్ సెపెడా బృందం 2008లో 1,350 మందికి పైగా వ్యక్తులతో చేసిన పరిశీలనలో, ఎంత ఎక్కువ కాలం గుర్తుండాలనుకుంటే పునశ్చరణల మధ్య ఎడం కూడా అంత పెరగాలని తేలింది. సంవత్సరం తరువాత కూడా ఈ లిపి నాకు కావాలి కాబట్టి రోజుల ఎడం సరిపోదు, వారాలు కావాలి. శీర్షికల మాటలకు కొత్త అట్టపెట్టె సిద్ధమైంది, కార్డులకు పెళ్లి పత్రికలు మాఘమాసంలో ఎలాగూ వస్తాయి. తదుపరి పరీక్షకు సార్ ఒక షరతు పెట్టారు: జాబితాలోని మాటలను ఆయన చదువుతుంటే నేను వెడల్పు కలంతో, వాక్యాలను మనసులో తిప్పుకునే వ్యవధి ఇవ్వకుండా, వెంటవెంటనే రాయాలి.